ఎల్రాయ్ గాడిస్ మోకాలు

వెన్‌లాక్ ఊళ్ళో ఎల్రాయ్ గాడిస్ ఎదురుపడితే చాలు, ఎవరైనా మొదట అడిగే ప్రశ్న ఒకటే: "మోకాలు ఎలా ఉంది ఎల్రాయ్?" మంగలి షాపులో అడిగేవారు, చర్చి మెట్ల మీద అడిగేవారు, సంతలో యాపిల్ పళ్ళు ఏరుకుంటుంటే పక్కనుంచి అడిగేవారు. ప్రేమగానే అడిగేవారు. అతని దవడ బిగుసుకునేది. "బాగానే ఉంది. ఎప్పుడూ బాగానే ఉంది," అనేవాడు. అడిగినవాడు నవ్వి, భుజం తట్టి వెళ్ళిపోయేవాడు. ఆ తట్టడానికి అతని ఒళ్ళు మండిపోయేది.

ఒహాయో నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఫుట్‌బాల్ తర్వాతే ఏదైనా. బంతి చేత పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. వెన్‌లాక్ విశ్వవిద్యాలయం జట్టు పుట్టింది పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఒక లాటిన్ పంతులు చేతి మీదుగా. అప్పట్లో మైదానమంటే నది పొంగినప్పుడల్లా మునిగే బురద నేల. ఆడినవాళ్ళు గనుల బూట్లతోనే ఆడారు. ఒక వరదకి గోల్ స్తంభాలు కొట్టుకుపోతే, కింది ఊరివాళ్ళు వాటిని పట్టుకుని కోళ్ళ గూడుకి వాడుకున్నారట. యుద్ధం రోజుల్లో ఆడడానికి మగపిల్లలే లేక జట్టు మూతపడింది. మళ్ళీ లేచింది. అలా పడుతూ లేస్తూ వచ్చిన ఆ జట్టు 1956లో ఒక్క ఆట కూడా ఓడలేదు. పెద్ద పెద్ద రాష్ట్ర విశ్వవిద్యాలయాలను వాళ్ళ సొంత నేల మీదే మట్టి కరిపించింది. ఆ ఏడాది గురించి ఊళ్ళో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు.

ఆ జట్టులో నల్లవాడు ఎల్రాయ్ ఒక్కడే. ఎగువ ఊళ్ళో గని పనివాడి కొడుకు. మనిషి తలుపంత వెడల్పు. బంతి పట్టుకుని పరిగెత్తడం అతని పని కాదు. పరిగెత్తేవాడి ముందుండి, అడ్డొచ్చినవాళ్ళను తోసి దారి చేయడం అతని పని. కెప్టెన్ టెడ్ కోజ్లిక్ ఆ ఏడాది ఎక్కడికి పరిగెత్తినా ఎల్రాయ్ వీపు వెనకే పరిగెత్తాడు. వాళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గర తినేవారు. టెడ్ వాళ్ళమ్మ క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి పంపితే సగం ఎల్రాయ్‌కే పోయేది.

సీజన్ చివర దక్షిణాదిన ఒక రేవు పట్నంలో జరిగే పెద్ద బౌల్ పోటీకి, ఆ ఏటి మేటి జట్లనే పిలిచే ఆటకి, పిలుపొచ్చింది. అంతకు ముందెప్పుడూ వెన్‌లాక్‌కి అలాంటి పిలుపు రాలేదు. ఊరంతా గంటలు కొట్టింది. ఆ పిలుపుతోపాటు ఒక షరతు కూడా వచ్చింది. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసి ఒకే మైదానంలో ఆడడానికి ఆ పట్నంలో వీల్లేదు.

కోచ్ వర్జిల్ స్టామ్ మరుసటి మధ్యాహ్నం కుర్రాళ్ళందరినీ సమావేశానికి పిలిచాడు. ఎల్రాయ్ గుమ్మం దాకా రాగానే ఆపి, నువ్వు వైద్యం గదికి వెళ్ళు, మోకాలు ఒకసారి చూపించుకో అన్నాడు.

"నా మోకాలికేం లేదే కోచ్," అన్నాడు ఎల్రాయ్.

"ఉంటుందిలే. ముందు జాగ్రత్త."

పెద్దాయన మాట. వెళ్ళాడు. ఆ గదిలో పనిచేసే ముసలాయన అతని మొహం వంక చూడకుండా, నిక్షేపంగా ఉన్న మోకాలికి మందంగా కట్టు కట్టాడు. అంతలో స్థానిక పత్రిక ఫోటోగ్రాఫర్ లోపలికొచ్చాడు. దీపం వెలిగింది, ఆరింది. ఎల్రాయ్ బయటికొచ్చేసరికి సమావేశం అయిపోయింది. మెట్ల మీద టెడ్ ఒక్కడే కూర్చుని బూటు తాళ్ళు విప్పి మళ్ళీ కడుతున్నాడు.

"అక్కడి చట్టం అలా ఉందిరా," అన్నాడు టెడ్. "మనం మార్చగలమా? గెలిచి నీ పేరు మీద కప్పు తెస్తాం."

"నా పేరు మీద ఏమీ వద్దు. వెళ్ళకండి."

"ఓటు అయిపోయింది. అందరూ చేతులెత్తారు."

"నువ్వూ ఎత్తావా?"

టెడ్ బూటు వంకే చూస్తుండిపోయాడు. ఎల్రాయ్‌కి ఆ జవాబు చాలింది. తన కాలికి కట్టు ఎందుకు కట్టారో కూడా అప్పుడే అర్థమైంది. అక్కడే మెట్ల మీద దాన్ని పీకి పారేశాడు. ఫోటో మాత్రం మర్నాడు పత్రికలో వచ్చేసింది. పాపం గాడిస్, మోకాలి గాయం, పెద్ద ఆటకు దూరం అని.

జట్టు వెళ్ళింది. గెలిచింది. ఖాళీ హాస్టల్ గదిలో కూర్చుని ఆ ఆటంతా అతను రేడియోలో విన్నాడు. తన స్థానంలో ఆడిన కుర్రాడు దారి చేయలేక చేయలేక చేస్తుంటే, టెడ్ ప్రతిసారీ దెబ్బలు తింటుంటే, లోపల ఎక్కడో సంతోషపడ్డాడు. ఆ సంతోషానికి మళ్ళీ తన మీద తనకే కోపమొచ్చింది. కప్పుని రైలు స్టేషన్ నుంచి ఊరేగించుకుంటూ తెచ్చారు. అతను కిటికీ మూసుకున్నాడు.

ఊరు విడిచి వెళ్ళిపోతాడనుకున్నారు చాలామంది. వెళ్ళలేదు. నన్ను వదిలేసి వెళ్ళింది వాళ్ళు, నేనెందుకు వెళ్ళాలి అన్నాడు. చదువు పూర్తి చేశాడు. ఊరి హైస్కూల్లో లోహపు పని నేర్పే మాస్టారయ్యాడు. సాయంత్రాలు అక్కడి పిల్లల జట్టులో ముందు వరుసవాళ్ళకి శిక్షణ ఇచ్చాడు. అతని చేతి కింద తయారైన పిల్లలు ఎందరో వెన్‌లాక్ జట్టుకి ఆడారు. ఒక్కడి ఆట కూడా చూడ్డానికి అతను ఆ స్టేడియంలో అడుగుపెట్టలేదు.

నిజం చెప్పలేదా అంటే, మొదటి పదేళ్ళూ అడిగిన ప్రతివాడికీ చెప్పాడు. పత్రిక సంపాదకుడి ఎదుట నిలబడి చెప్పాడు. సంపాదకుడు జాలిగా చూసి, కట్టుతో నీ ఫోటో మేమే వేశాం కదయ్యా అన్నాడు. నల్లవాళ్ళ చర్చిలో అందరికీ తెలుసు. తెల్లవాళ్ళకి మాత్రం, ఆడలేకపోయిన మనిషి అక్కసు కింద వినిపించింది. చివరికి చెప్పడం మానేశాడు. కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. శనివారం మధ్యాహ్నం స్టేడియం హోరు కొండ దాటి పెరట్లోకి వస్తే, అది వినబడకుండా రంపం మోటారు వేసి కట్టెలు కోసేవాడు. "కట్టెలైపోయాయి. ఇంక కుర్చీలు కోస్తావా?" అనేది భార్య వెర్నా వంటింటి కిటికీ లోంచి.

అరవై దాటాక అతని మోకాలికి నిజంగానే నొప్పి మొదలైంది. అదే కాలు, పత్రికలో కట్టుతో కనబడ్డ కాలు.

డాక్టర్ ఇమోజీన్ పెట్‌వే ఎక్స్‌రే చూసి, కీలు పూర్తిగా అరిగిపోయింది, మార్చాల్సిందే అంది. అతను ప్యాంటు కాలు కిందికి దించుకుంటూ, ఈ మాట ఈ గది దాటకూడదని మాట తీసుకున్నాడు. ఆపరేషన్ చేయించుకుంటే ఊరంతా ఏమంటుందో అతనికి తెలుసు. "చెప్పలేదూ, పాపం అప్పటి గాయమే" అంటుంది. ఆ ముక్క వినడం కంటే కుంటడం నయం. కుంటడం కూడా ఇంట్లోనే. వీధిలో పళ్ళు బిగించి తిన్నగా నడిచేవాడు. ఎవరైనా చూస్తుంటే మెట్లు పట్టుకోకుండా ఎక్కేవాడు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక, కాలు సోఫా మీదికి రెండు చేతులతో ఎత్తి పెట్టుకోవాల్సి వచ్చేది.

ఒక రోజు వెర్నా చేతిలోని ఐసు ముక్కల సంచీని అతని ఒళ్ళోకి విసిరికొట్టింది. "వాళ్ళు నీ మోకాలి గురించి ఒక్కసారి అబద్ధమాడారు. నువ్వు రోజూ ఆడుతున్నావు," అంది.

అతను ఆమె మీద అరిచాడు. ఆమె తగ్గలేదు.

అలా ఉండగానే ఆ గెలుపుకి యాభై ఏళ్ళు నిండాయి. విశ్వవిద్యాలయం పెద్ద ఉత్సవం తలపెట్టింది. స్టేడియం గేటు దగ్గర ఇత్తడి ఫలకం పెట్టారు. దాని మీద జట్టులో ఒక్కొక్కరి పేరూ, పేరు కింద రెండు మాటలూ. ఎల్రాయ్ పేరు కింద ఏముందో అతనికి ఒక పాత శిష్యుడు ఫోన్ చేసి చదివి వినిపించాడు: "మోకాలి గాయంతో బౌల్ ఆటకు దూరమైనా, మైదానం పక్కన నిలబడి సహచరులకు ధైర్యం నూరిపోసిన వీరుడు."

ఫోన్ పెట్టేశాడు. గాయం అబద్ధం పాతది, దానికి అలవాటుపడ్డాడు. ఇప్పుడు తను అక్కడ నిలబడి చప్పట్లు కూడా కొట్టాడట. ఆ రైలే ఎక్కనివ్వలేదు తనని.

మర్నాడే విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. క్రీడా విభాగం అధిపతి ప్రెస్టన్ లైల్ నలభై నిండని మనిషి, మర్యాదస్తుడు. కాఫీ తెప్పించాడు. ఎల్రాయ్ కాఫీ ముట్టకుండా జరిగింది జరిగినట్టు చెప్పాడు. లైల్ మొహం నిజంగానే చిన్నబోయింది. కానీ, మా దగ్గరున్న చరిత్రలో అలాగే ఉందండి, ఇంత ఆలస్యంగా మార్చాలంటే కమిటీ కూర్చోవాలి అన్నాడు.

"ఆ చరిత్ర నీ ఎదురుగా కుర్చీలో కూర్చుంది. అడుగు," అన్నాడు ఎల్రాయ్.

"మీ బాధ అర్థమవుతోంది గాడిస్ గారూ. ఇది పండగ కదా. చేదు జ్ఞాపకాలు ఈ సందర్భంలో..."

మాట పూర్తవకుండానే ఎల్రాయ్ లేచి బయటికొచ్చేశాడు. అక్కణ్ణుంచి నేరుగా టెడ్ కోజ్లిక్ ఇంటికి వెళ్ళాడు. టెడ్ టైర్ల కొట్టు కొడుక్కి అప్పగించి, ఇంటి పట్టున టమాటాలు పెంచుకుంటున్నాడు. యాభై ఏళ్ళుగా వాళ్ళు వీధిలో తల ఊపుకోవడమే తప్ప ఒకరి గుమ్మం ఒకరు తొక్కింది లేదు.

"ఉత్సవంలో మైకు నీకే ఇస్తారట," అన్నాడు ఎల్రాయ్ గేటు దగ్గరే నిలబడి.

"అవును. లోపలికి రా."

"రాను. ఆ రోజు గదిలో ఏం జరిగిందో చెబుతావా?"

టెడ్ చేతికంటిన మట్టి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఆ గదిలో ఉన్నవాళ్ళలో సగం మంది పోయార్రా. వాళ్ళ పెళ్ళాం పిల్లలు వస్తారు. వాళ్ళ ముందు ఎలా చెప్పమంటావు?"

"నా పెళ్ళాం కూడా వస్తుంది."

టెడ్ తల దించుకున్నాడు. చెబుతానని అన్నాడు. మాటిచ్చినట్టే అన్నాడు.

అక్టోబరు శనివారం. స్టేడియం నిండిపోయింది. బతికున్న ముసలాళ్ళందరినీ మైదానం మధ్యకి పిలిచారు. ఎల్రాయ్ కోసం ప్రత్యేకంగా చిన్న బ్యాటరీ బండి సిద్ధం చేసి ఉంచారు. మోకాలు పాపం, అన్నాడు బండి తోలే కుర్రాడు. ఎల్రాయ్ వాడి వంక ఒక్క చూపు చూసి నడక మొదలుపెట్టాడు. ప్రతి అడుక్కీ మోకాట్లో మేకు దిగుతున్నట్టుంది. తల ఎత్తుకునే నడిచాడు.

టెడ్ మైకు అందుకున్నాడు. అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళం అన్నాడు. కోచ్ స్టామ్ మాకు తండ్రి లాంటివాడన్నాడు. పోయినవాళ్ళ పేర్లు చదివాడు. ఎల్రాయ్ పేరు దగ్గర ఆగాడు. జనం ముందు వరుసలో కూర్చున్న ముసలి విధవరాళ్ళ వంక చూశాడు. "ఎల్రాయ్ లేకుండా మేం లేం," అని కాగితం మడిచేశాడు.

ఎల్రాయ్ రెండడుగులు ముందుకేసి అతని చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"నా మోకాలికి ఏమీ కాలేదు," అన్నాడు. "నేను నల్లవాణ్ణని నన్ను వదిలేసి వెళ్ళారు. చేతులెత్తి మరీ వెళ్ళారు. మంచి కాలికి కట్టు కట్టి ఫోటో తీశారు. అక్కడ నిలబడి నేను చప్పట్లు కొట్టలేదు. నన్ను రైలే ఎక్కించలేదు."

ఇంకా చెప్పేవాడే. ఎవరు సైగ చేశారో గానీ బ్యాండు అందుకుంది. బాకాలు, డప్పులు, ఊరి పాట. అలవాటుగా సగం స్టేడియం లేచి నిలబడి పాడింది. వెనక వరుసలవాళ్ళు ఆ ముసలాయన ఏదో పాత ముచ్చట చెబుతున్నాడనుకుని చప్పట్లు కూడా కొట్టారు. ముందు వరుసలు మాత్రం విన్నాయి. అక్కడ ఎవరూ పాడలేదు. ఒక విధవరాలు మొహం కప్పుకుంది. ఇంకొకావిడ లేచి, ఎల్రాయ్ వైపు వేలు చూపించి, పండగంతా పాడు చేశావు అంది. వెర్నా ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆవిడ కూర్చునేదాకా అలాగే నిలబడింది.

మరో వారానికి ఎల్రాయ్ ఆసుపత్రిలో చేరాడు. ఇంక ఎవరేమనుకుంటే తనకేం అన్నాడు. కొందరు అననే అన్నారు. ఆ ఫలకాన్ని శుభ్రం చేయడానికంటూ తీసేశారు. చలికాలమంతా గేటు పక్కన గోడ బోసిగా ఉంది. వసంతంలో కొత్తది పెట్టారు. "బౌల్ ఆటలో పాల్గొనలేదు" అని మాత్రమే రాశారు. ఎందుకో రాయలేదు. ఎల్రాయ్ మళ్ళీ లైల్ ఆఫీసుకి వెళ్ళాడు, కొత్త మోకాలితో మెట్లెక్కి. మళ్ళీ వెళ్ళాడు. నల్లజాతి విద్యార్థులు కొందరు అతనితోపాటు వెళ్ళడం మొదలుపెట్టారు. కమిటీ వేశారు. కమిటీ ఇంకా కూర్చునే ఉంది.

టెడ్ ఆసుపత్రికి వచ్చింది మాత్రం అప్పట్లోనే, ఆపరేషన్ అయ్యాక వచ్చిన శనివారం. ఎల్రాయ్ అతన్ని చూసి మొహం అవతలికి తిప్పుకున్నాడు. వెర్నా కుర్చీ చూపించి కిందికెళ్ళిపోయింది.

"ఈ వారం మొదట్లోనే రేడియోవాళ్ళకి అంతా చెప్పాను," అన్నాడు టెడ్. "ఓటు సంగతి, కట్టు సంగతి. నేను చెయ్యెత్తిన సంగతి. పాత స్నేహితులు ఫోన్లు ఎత్తడం మానేశారు."

"మైదానంలో చెప్పాల్సింది."

"అవును."

"యాభై ఏళ్ళ కింద చెప్పాల్సింది."

"అవున్రా." టెడ్ కుర్చీ వెనక పట్టుకుని అడిగాడు. "నన్ను క్షమించగలవా?"

"లేదు," అన్నాడు ఎల్రాయ్. "కూర్చో. నిలబడితే టీవీ కనబడదు."

టీవీలో వెన్‌లాక్ జట్టు ఆడుతోంది. ఇంట్లో ఎప్పుడూ పెట్టనివ్వని ఆట. మందుల మత్తులో దాన్ని ఆపడానికి రిమోట్ ఎక్కడుందో అతనికి అందలేదు. ముందు వరుసలో కొత్త కుర్రాడొకడు వంగి తోయాల్సింది పోయి లేచి నిలబడి తోస్తున్నాడు. ప్రతిసారీ పక్కకి కొట్టుకుపోతున్నాడు. వాడి వెనక బంతి పట్టుకున్నవాడు నలిగిపోతున్నాడు. ఎల్రాయ్ పళ్ళు కొరికాడు. "వంగరా దరిద్రుడా, వంగు," అన్నాడు. టెడ్ కూడా అదే తిట్టు తిట్టాడు. వెర్నా కాఫీలు పట్టుకుని పైకొచ్చేసరికి ఇద్దరు ముసలాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఆ కుర్రాడి మీద దుమ్మెత్తిపోస్తున్నారు.