బాలింత దాహం

మొన్న నారాయణగూడ ఆసుపత్రిలో నా మనవరాలు ప్రసవించింది. నర్సు గదిలోకి వస్తూనే "ఏంది మేడం, బాటిల్ అట్లనే ఉన్నది? నీళ్లు తాగకపోతే పాలెట్ల పడ్తయ్?" అని గదమాయించడంతో, వరండాలో కూర్చుని నా వీరగాథ వినిపిస్తున్న నేను మధ్యలోనే ఆగిపోయాను.

ఆ గాథ మా బంధువులందరికీ కంఠతా వచ్చు. చిక్కడపల్లిలో అద్దెకుండగా నా భార్యకు నొప్పులొస్తే, నడుంలోతు వాననీటిలో అశోక్ నగర్ దాటి రాంనగర్ వెళ్ళి మంత్రసానిని భుజాన మోసుకొచ్చానని చెబుతుంటాను. నిజానికి ఆ రోజు చినుకైనా పడలేదు. ఆవిడ తనంతట తానే రిక్షాలో వచ్చింది. ఆవిడను మోసేంత భుజాలు నాకెప్పుడూ లేవు. ఆడపిల్ల పుట్టిందన్న కబురు వచ్చేసరికి నేను ఇరానీ హోటల్లో రెండో చాయ్ తాగుతున్నాను.

ఇంతవరకూ ఒప్పుకోవడం తేలికే. మిగిలింది నా ఈడువాళ్ళైన మీకు తప్ప చెప్పుకోలేను.

నా భార్యకు తల్లి లేదు, అందుకే పురుడు మా ఇంట్లోనే పోశారు. కోస్తా నుంచి మా అమ్మ వెంట తెచ్చుకున్న పథ్యం ప్రకారం పచ్చి బాలింతకు పూటకు రెండు ముద్దల కారప్పొడి అన్నం, ఉగ్గుగిన్నెడు వాము నీళ్ళు, అంతే. పక్క వాటాలోని ముస్లిం ఇల్లాలు, తమ ఇళ్ళలో బాలింతలకు బాదం, రవ్వ, నెయ్యి వేసి కాచి ఇచ్చే హరీరా అనే వేడి జావ గిన్నెడు పట్టుకొచ్చి, "తమ్మీ, నీళ్లు బంద్ జేస్తే పానం నిలుస్తదా? జర తాపియ్యి," అంది. మా అమ్మ గుమ్మంలోనే అడ్డుపడి, "నలుగుర్ని కన్నదాన్ని, నాకు చెబుతారా! నీళ్ళు పడితే ఒళ్ళు ఊరిపోతుంది," అంది. గిన్నె తిప్పి ఇచ్చేసింది నేనే.

మూడో రోజుకు జ్వరం వచ్చింది. బట్టలు ఆరవేయడానికి అమ్మ డాబా మీదికి వెళ్ళినప్పుడు నా భార్య, "ఏవండీ, ఒక్క గుక్క," అంది. కుండలో గ్లాసు ముంచి మంచం దాకా వెళ్ళాను. మెట్ల మీద అమ్మ అడుగుల చప్పుడు వినబడగానే ఆ నీళ్ళు నేనే గటగటా తాగేశాను. ఆమె చూస్తూనే ఉంది. మళ్ళీ నోరు విప్పలేదు. ఐదో రోజు పోయింది. పురిటి జ్వరమే కారణమని డాక్టరు చెప్పాడు, ఆ మాట పట్టుకుని బతకాలని చాలా ఏళ్ళు చూశాను.

మొన్న వరండాలో మా అమ్మాయి, తానే అమ్మమ్మ అయిన రోజున, పక్కన కూర్చుని ఎప్పటిలాగే అడిగింది: "నాన్నా, అమ్మ ఆఖరున ఏమంది?"

"పిల్ల జాగ్రత్త అంది తల్లీ," అన్నాను, ఎప్పటిలాగే.

ఆ పథ్యాలు పోయాయి, మంత్రసానులు పోయారు, ఆ వాటాలున్న చోట పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్ లేచింది, మా అమ్మా లేదు, హరీరా తెచ్చిన ఆవిడా లేదు. అమ్మాయికి చిన్నప్పుడే నిజం చెప్పి ఉంటే నన్ను అసహ్యించుకుని ఊరుకునేదేమో. ఇన్నేళ్ళ తర్వాత, ఆ ఒక్క అబద్ధం తప్ప మా అమ్మాయికి తల్లి అంటూ వేరే ఏమీ లేదు.