మావయ్య ముందు స్తంభాన్ని పలకరిస్తాడు

మావయ్యకి మనుషుల మీద నమ్మకం జాస్తి, స్తంభాల మీద బొత్తిగా లేదు. ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో ఆగి, ముందు స్తంభాన్ని వేళ్ల కణుపులతో టకటకా మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు. సమాధానం నచ్చితేనే చెప్పులు విడుస్తాడు. ఈలోగా ఇంటివాళ్లు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని, తమ ఇల్లు పాసవుతుందో ఫెయిలవుతుందో అని బిక్కమొహాలేసుకుని నిలబడాలి.

నలభై ఏళ్లు వడ్రంగి మేస్త్రిగా ఇళ్లకి దూలాలు ఎత్తించిన మనిషి. పని మానేసినా చెయ్యి మానలేదు. ఒకసారి ఆసుపత్రిలో ఉన్న తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్లి, ముందు గోడ తట్టి, "ఇంకో యాభై ఏళ్లకి ఢోకా లేదు" అన్నాడు.

తమ్ముడు ఆశగా లేచి కూర్చున్నాడు. "డాక్టరు చెప్పాడా అన్నయ్యా?"

"నీ సంగతి నాకేం తెలుసురా! గోడ సంగతి చెబుతున్నాను."

ఆ ఉక్రోషంతోనే తమ్ముడు నాలుగు రోజుల్లో కోలుకుని ఇంటికొచ్చేశాడు.

ఇక ఫోటోల సంగతి సరేసరి. అందరూ కెమెరా వైపు చూస్తుంటే మావయ్య ఒక్కడూ పైకప్పు వైపు చూస్తుంటాడు. ఆల్బమ్ మొత్తం తిరగేసినా ఆయన గడ్డమే తప్ప కళ్లు కనిపించవు.

వీటన్నిటికీ అందరికంటే ఎక్కువ నవ్వేది మేనకోడలు. ఆమె ఆఫీసు ఉద్యోగం మానేసి, ఒక పాత మేడలో పైఅంతస్తూ, దాని కింది గదీ అద్దెకి తీసుకుని లైబ్రరీ పెట్టుకుంది. ఎనిమిది బీరువాల పుస్తకాలు, రెండు పొడవాటి బల్లలు. ప్రాణమంతా అక్కడే. తెరిచిన రోజున మావయ్య వచ్చి, కిందా పైనా అరగంటసేపు తట్టాడు. నేలమీద బోర్లా పడుకుని కూడా విన్నాడు. లేచి చొక్కా దులుపుకుని, "నడిమి దూలం అలిసిపోయిందే తల్లీ" అన్నాడు.

"నీకు అలిసిపోని దూలం ఎక్కడైనా కనిపించిందా మావయ్యా? పోయిన నెల బస్టాండుని చూసీ ఇదే మాట అన్నావు!"

మావయ్య మర్నాడు వచ్చి లైబ్రరీలో సభ్యుడిగా చేరాడు. "కింద ఖాళీ గదిలో నా దుంగలు రెండు పెట్టుకుంటాను" అని తాళంచెవి కూడా పుచ్చుకున్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆయన పుస్తకం పట్టగా చూసినవాళ్లు లేరు. మేనకోడలు మురిసిపోయి, "ఏ పుస్తకం కావాలి?" అంది.

"లావుపాటిది."

"కథలా? చరిత్రా?"

"ఏదైతేనేం, బరువుండాలి."

నడిమి బీరువాల ముందు నిలబడి, ఒక్కో పుస్తకాన్నీ పుచ్చకాయలా చేత్తో తూచి చూసుకుని తీసుకునేవాడు. రోజుకి మూడేసి. తిరిగివ్వడమన్న మాటే లేదు. "చదవడం అయిందా మావయ్యా?" అంటే, "మధ్యలో ఉన్నాను" అనేవాడు. పన్నెండు సంపుటాల నిఘంటువు పట్టుకెళ్లాడు. అందులోనూ మధ్యలోనే ఉన్నాడట. మేనమామని గట్టిగా అడగలేక ఆమె ఊరుకుంది. అయిదు నెలలు తిరిగేసరికి నడిమి బీరువాలు రెండూ ఖాళీ.

రోజూ వచ్చే రిటైర్డు మాస్టారు లబోదిబోమన్నాడు. "ఆ నవల మూడో సంపుటం ఎప్పుడొస్తుందమ్మా? రెండోది అయ్యేసరికి కుర్రాడు బావిలో పడ్డాడు. అయిదు నెలలుగా అక్కడే ఉన్నాడు పాపం!"

ఇంతలో పిడుగులాంటి వార్త వచ్చింది. పాత మేడలన్నీ పరీక్ష చేస్తున్నారట, గురువారం ఇంజనీరు వస్తున్నాడట. బాగాలేదంటే యజమాని లైబ్రరీకి తాళం వేసేస్తాడు. మేనకోడలికి అదొక భయం. అంతకంటే పెద్ద భయం మావయ్య. ఆయన ఇంజనీరు ముందు 'అలిసిపోయింది' అన్నాడంటే కొంప మునిగినట్టే.

"రేపు ఒక్కరోజు రావద్దు మావయ్యా" అని బుధవారం సాయంత్రం బతిమాలింది.

మావయ్య మొహం చిన్నబోయింది. "సరేనే తల్లీ. కింద గది మాత్రం ఆయనకి తప్పకుండా చూపించు" అని తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

ఇంజనీరు పైన అంతా చూసి, కిందికి దిగి గది తెరిచి, గుమ్మంలోనే ఆగిపోయాడు. నడిమి దూలం కింద రెండు లావుపాటి దుంగలు ఊతంగా నిలబడి ఉన్నాయి. పక్కన గోడ బీట మీద అడ్డంగా కాగితపు ముక్కలు అతికించి ఉన్నాయి. ఒక్కోదాని మీదా పెన్సిలుతో తేదీ. ఒక్కటీ చిరగలేదు.

"బీట పెరిగితే కాగితం చిరుగుతుంది. అంటే రోజూ ఎవరో చూస్తున్నారు" అన్నాడు ఇంజనీరు. "దూలం ఒక కొస చెద తినేసిందమ్మా. సరిగ్గా దాని మీదున్న బీరువాలు ఖాళీ చేయించిందెవరు? ఆ బరువు అలాగే ఉండి, ఈ ఊతం లేకపోతే, మీ లైబ్రరీ ఈపాటికి ఈ గదిలో ఉండేది. ఒక్క దూలం మార్పిస్తే చాలు, నెలలో తెరుచుకోవచ్చు."

మేనకోడలు ఒక్క పరుగున మావయ్య ఇంటికెళ్లింది. ముందుగది నాలుగు గోడల వెంటా పుస్తకాలు, తీసిన వరస తప్పకుండా. ఆయన మంచం వరండాలోకి వచ్చేసింది.

"నాకెందుకు చెప్పలేదు మావయ్యా?"

"చెప్పాను కదే, నవ్వావు. యజమానికి చెబితే ఆరోజే తాళం వేసేవాడు. ఎవరికీ చెప్పకుండా మోసుకోవడం తేలికనిపించింది."

ఆమె కళ్లు తుడుచుకుంది. నవ్వు కూడా వచ్చింది. "ఇన్ని మోశావు, ఒక్కటైనా చదివావా?"

మావయ్య సిగ్గుపడుతూ దిండు కింద నుంచి ఒక పుస్తకం తీశాడు. "కుర్రాడు బావిలోంచి బయటికొచ్చాడని మాస్టారికి చెప్పు. మిగతాది మాత్రం నేను పూర్తి చేశాకే ఇస్తాను."

ఆ నెలంతా లైబ్రరీ మావయ్య ఇంట్లోనే నడిచింది. కొత్త దూలం ఆయనే దగ్గరుండి ఎత్తించాడు. లైబ్రరీ మళ్లీ తెరిచిన రోజున దాని కిందే అందరూ ఫోటో దిగారు. ఆ ఫోటోలో మేనకోడలూ, మాస్టారూ, ఇంజనీరూ, యజమానీ అందరూ తలలెత్తి దూలం వైపే చూస్తున్నారు. మావయ్య ఒక్కడే కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు.