కింది పదకొండు మెట్లు

"ఎడమ మడమ! మడమ కడగలేదు నువ్వు. చూడు, ఇసుక ఎలా అంటుకుపోయిందో. ఇనుప మెట్లమ్మా ఇవి, మీ ఇంటి పాలరాతి మెట్లు కావు."

పట్నంనుంచి దీపస్తంభం చూడడానికొచ్చిన వింటార్సి నవ్వుతూ మళ్ళీ కాలు చాచింది. సరుని చెంబుతో నీళ్ళు పోసి, బొటనవేలితో మడమ రుద్ది, తుడుచుకోమని గుడ్డ అందించింది. అప్పుడుగానీ గుమ్మంలోంచి పక్కకు జరగలేదు.

బెలితుంగ్ దీవి తీరానికి ఎదురుగా ఉన్న ఆ చిన్న ద్వీపంలో సరుని ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని ఇదే. డచ్చివాళ్ళ కాలంలో ఇనుప రేకులు బిగించి కట్టిన దీపస్తంభం అది. రేవు లేదు కాబట్టి వచ్చినవాళ్ళంతా మోకాలిలోతు సముద్రంలో దిగి నడిచి రావాలి. ఆ ఉప్పు తడి మెట్లకంటితే తుప్పు పడుతుంది. అందుకే చెప్పులు బయట విడిచి, బావినీళ్ళతో కాళ్ళు కడుక్కుని ఎక్కాలన్నది అక్కడి కట్టుబాటు. ఒకసారి ఒక పెద్ద అధికారి బూట్లు విప్పనన్నాడు. సరుని గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉల్లిపాయలు ఒలిచింది. రెండు కిలోలు అయ్యేసరికి ఆయన విప్పాడు. మేజోడుకి చిల్లు ఉంది. ఆ ముక్క చెప్పకుండా ఆమె ఎవరినీ పైకి పంపదు.

ఆమె భర్త దురహీం పైన దీపం చూసేవాడు. అయిదేళ్ళ కిందట పోయాడు. సరుని మాత్రం ద్వీపం వదల్లేదు. పడవవాళ్ళందరికీ ఆమె 'మాక్', అంటే అమ్మ.

వింటార్సి పైదాకా ఎక్కి, దిగి వచ్చి అరికాలు చూపించింది. ఎర్రటి పొడి అంటి ఉంది.

"మాక్, పై మెట్లు నున్నగా ఉన్నాయి. కింది మెట్లే ఇలా పెచ్చులు లేస్తున్నాయేంటి?"

"కింది పదకొండు. లెక్కపెట్టాను." సరుని గొంతు పెంచింది. "అదిగో, ఆ చెట్టుకింద కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడే, వాణ్ణడుగు. నేను పొయ్యి దగ్గరుంటే, పోటు తప్పిపోతుందని తన పడవలో వచ్చినవాళ్ళని కడగని కాళ్ళతో ఎక్కించేశాడు."

వింటార్సిని తీసుకొచ్చిన పడవ బుజాంగ్‌దే. అతను కూర్చున్నచోటునుంచే అరిచాడు. "ఒక్కసారి మాక్! ఒక్కసారి ముగ్గుర్ని! ముగ్గురి కాళ్ళకి పదకొండు మెట్లు తుప్పు పడతాయా?"

"ఆ మాట గురువారం పట్నంలో రేవు కచేరీలో చెప్పుకో."

 బుజాంగ్ మీద సరుని రాసిన ఫిర్యాదు కచేరీలో ఉంది. గురువారం వాళ్ళు అతని పడవ ద్వీపానికి రాకూడదని తేలిస్తే, ఇద్దరు పిల్లల్ని పోషించడానికి అతనికి మరో దారి లేదు. అది సరునికీ తెలుసు. తెలిసే రాసింది.

ఆమె కాఫీ కలిపి తెచ్చింది. వింటార్సి ఒక గుక్క తాగి ఆగింది.

"మాక్, ఏమనుకోకండి. ఇందులో ఉప్పుగానీ వేశారా?"

"చక్కెర వేశాను. మూడు చెంచాలు."

"వానలు వెనకబడ్డ దగ్గర్నుంచీ నీ కాఫీ నేనెందుకు తాగడం లేదనుకున్నావ్?" అన్నాడు బుజాంగ్.

"మరి చెప్పి చావొచ్చుగా!"

"నీళ్ళ సంగతి నీకు చెప్పే మొనగాడు ఈ సముద్రంలో ఉన్నాడా?"

సరుని తన గిన్నెలో కాఫీ తాగి చూసింది. ఎప్పటిలాగే ఉంది. రోజూ అవే నీళ్ళు తాగే నాలుకకి ఎప్పటిలాగే ఉంటుంది. ఆమె లోపలికెళ్ళి, పొయ్యి మీద రేకు మూత బోర్లించి, బావినీళ్ళు గరిటెడు పోసింది. ఎండాకాలంలో దురహీం వారానికోసారి ఇలాగే చేసేవాడు. ముసలాడి చాదస్తమని ఆమె వెక్కిరించేది. అతను పోయాక ఆ అలవాటు కూడా పోయింది.

నీళ్ళు చిటపటలాడి ఇగిరిపోయాయి. రేకు మీద తెల్లటి పొర మిగిలింది. వేలితో గీస్తే గోటికిందకి వచ్చింది. నాలుగు నెలలుగా చినుకు లేదు. బావిలోకి సముద్రం ఊరింది.

గుడ్డతో ఎంత తుడుచుకున్నా అరికాలి తడి వెంటనే పోదు. పదకొండు మెట్లు ఎక్కేసరికి ఆరుతుంది. వచ్చిన ప్రతి కాలికీ ఉప్పునీళ్ళు పూసి పైకి పంపింది తనే.

ఆమె బయటికొచ్చి, కడిగే బకెట్‌ని ఇసుకలో బోర్లించింది. "ఇవాళ ఇంకెవరూ ఎక్కరు," అంది. బుజాంగ్ తలెత్తి చూశాడు. ఆమె అతనివైపు చూడకుండా రేకు మూతని అతని పక్కన పెట్టి వెళ్ళిపోయింది. అతను దాని మీది తెల్లపొడి వేలితో గీరి, నాలుకకి రాసుకుని ఉమ్మాడు.

"మాక్! అయితే నా మీద రాసింది..."

"నోర్మూసుకుని పడవ నీళ్ళలోకి తొయ్యి. పోటు తీసేస్తోంది."

సరునికి కాయితం ముక్క మీద అయిదు వరుసలు రాయడానికి చాలాసేపు పట్టింది. రెండుచోట్ల కొట్టేసింది. మెట్లు పాడుచేసింది ఎవరో, ఏ నీళ్ళతోనో, వానలొచ్చేదాకా పట్నం నీళ్ళు ఎన్ని డబ్బాలు కావాలో రాసింది. నాలుగు మడతలు పెట్టి వింటార్సి చేతిలో ఉంచింది.

"రేవు కచేరీలో యుస్రాన్ గారని ఉంటారు. గురువారం కాకముందే ఆయన చేతికే ఇవ్వమ్మాయ్. ఆయన చదవడం అయ్యేదాకా అక్కడే నిలబడు. పడవలో మాత్రం దీన్ని వాడికివ్వకు, దారి పొడుగునా పైకి చదువుకుంటూ నవ్వుతాడు."