తొమ్మిది రోజులు ఎందుకు ఆగినట్టు

మా మరిది పెళ్ళామంటే నాకు పడదు. ఈ వయసులో దాచేదేముంది, అది మా ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ పడలేదు. హుస్సేనీ ఆలంలో మాది పాల వ్యాపారం. తెల్లారకముందే లేచి పేడ ఎత్తేది నేను, పాలు పితికేది నేను. అదేమో పొద్దెక్కాక వచ్చి అత్తమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని నాలుగు తీపి మాటలు చెప్పేది. దాంతో అత్తమ్మ కరిగిపోయేది.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అది పుట్టింటికని ధూల్‌పేట్‌కు బయలుదేరింది. సందులో ఒకడు కత్తి చూపించి దాని మెడలోని బంగారు గుండ్ల దండ తెంపుకుపోయాడట. ఈ సంగతి నాకు తెలిసింది తొమ్మిది రోజుల తర్వాత. ఆ రోజు శాలిబండ అంగట్లో వాడు మళ్ళీ కంటపడితే అది కేక పెట్టింది. జనం పట్టుకుని ఠాణాలో అప్పగించారు. ఫిర్యాదు రాయించింది కూడా అప్పుడే. దండ మాత్రం వాడి దగ్గర దొరకలేదు.

ఏ దండ అని అడిగితే, పుట్టింటివాళ్ళు పెట్టిందని అత్తమ్మ చెప్పింది. కత్తి చూసి అదెంత వణికిపోయిందోనని జాలిపడాల్సింది పోయి, నాకు తెలియకుండా అంత బంగారం దాని మెడలో ఉన్నందుకు నేను కుళ్ళుకున్నాను. రెండు రోజులు అన్నం సహించలేదు.

విచారణ రోజు అందరం జట్కాలో అదాలత్‌కు వెళ్ళాం. బోనులో నిలబడి అది ఎలా తడబడుతుందో చూడాలని నాకు లోలోపల ఉబలాటం. దండ గుర్తులు చెప్పమన్నారు.

"నడిమి గుండుకు సొట్ట ఉంటది సాబ్. చిన్న పిల్లగాని పండ్లు దిగిన సొట్ట," అంది.

నా ఒళ్ళు భగ్గుమంది. ఆ పళ్ళు నా కొడుకువి. పళ్ళొచ్చే రోజుల్లో వాడు నాయనమ్మ ఒళ్ళో కూర్చుని ఆ గుండునే కొరికేవాడు. అంటే పెట్టెలో ఉందని నేననుకున్న తన దండను అత్తమ్మ, పెద్దకోడలినైన నన్ను కాదని, చాటుగా దానికిచ్చింది. పక్కనే ఉన్న ఆవిడ వైపు చూశాను. ఆవిడ కొంగు సర్దుకుంటూ నేల చూపులు చూసింది.

ఇంతలో దొంగ తరఫు వకీలు లేచాడు. బంగారం పోతే ఎవరైనా ఆ రోజే ఠాణాకు పరిగెత్తుతారనీ, లేని కథ అల్లడానికి తొమ్మిది రోజులు చాలుననీ వాదించాడు. జడ్జి మంచివాడు. ఆలస్యం ఒక్కటే తప్పు కాదమ్మా, కారణం చెప్తే నమ్ముతాను, చెప్పకపోతే అనుమానించక తప్పదు అని ఉర్దూలో నెమ్మదిగా చెప్పాడు.

అది నా వైపు చూసింది.

"భయమైంది సాబ్," అంది.

దొంగకా అని అడిగితే కాదంది. మరి ఎవరికి అంటే తల దించుకుంది.

నాకు తెలిసిపోయింది. దాని భయం నేనే. ఠాణాలో రాయిస్తే దండ సంగతి నా చెవిన పడుతుంది, నేను లొల్లి చేసి ఇల్లు రెండు ముక్కలు చేస్తాను అని అత్తాకోడళ్ళు నోరు మూసుకున్నారు. నేను లేచి ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. లేవలేదు. అత్త ఇచ్చిందని దాని నోటితోనే అందరి ముందూ ఒప్పుకోనీ అని పళ్ళు బిగించి కూర్చున్నాను. అది ఒప్పుకోలేదు. వాడిని విడిచిపెట్టారు. మా ముందు నుంచే మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు జట్కాలో నేనే అడిగాను.

"నాకు భయపడ్డనని చెప్పకపోతివేందే?"

"గంతమందిల నిన్ను చులకన చేస్తనా అక్కా," అంది, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మాటకు ఎవరైనా దాన్ని దగ్గరికి తీసుకుని ఏడుస్తారు. నేను మాత్రం రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. ఆ మంచితనం కూడా దానికే దక్కిందే అని నా కడుపు మండిపోతోంది.