కాటా సాయిబు

మా బందరులో కాటా కనపడితే ఎక్కకుండా దాటి వెళ్ళలేని మనిషి ఒక్కడే ఉండేవాడు. మా ఎదురింటి హిదాయతుల్లా. బియ్యం కాటా, బెల్లం కాటా, పాత ఇనుము కాటా, రైల్వే పార్సిలాఫీసు కాటా, ఏదైనా సరే చెప్పులు విడిచి, మసీదు మెట్టెక్కినంత భక్తిగా ఎక్కి నిలబడేవాడు. మా మనవరాలు పుట్టినప్పుడు ఆస్పత్రికి చూడ్డానికొచ్చి, పసిగుడ్డుల్ని తూచే పళ్ళెంలో ఒక కాలు పెట్టాడు.

"ఇదేం పనయ్యా!" అని నర్సమ్మ కేకేసింది.

"ఒక్క కాలేగా సిస్టర్! అదెంతుందో చెప్పండి చాలు, రెండుతో గుణించుకుంటాను" అన్నాడు.

ఊరు అతనికి కాటా సాయిబు అని పేరు పెట్టింది. ఎవరలా పిలిచినా చక్కగా పలికేవాడు.

ఈ జబ్బుకి మూలం ఉంది. హిదాయతుల్లా ఒకప్పుడు మిలటరీలో బాక్సింగ్ చాంపియన్, అరవై కిలోల వాళ్ళలో. బాక్సింగ్‌లో ఎవరు ఎవరితో కొట్టుకోవాలో కాటాయే తేలుస్తుందట. సమానమైన బరువుంటేనే ఎదురెదురుగా నిలబెడతారట. ఇది విని నాకు ముచ్చటేసింది. మా తోడికోడలు తొంభై కిలోలు, నేను నలభై ఐదు. ముప్పై ఏళ్ళు పోట్లాడుకున్నాం, ఏ రెఫరీ అడ్డం రాలేదు.

మిలటరీ వదిలొచ్చి కోనేరు సెంటర్లో సైకిలు షాపు పెట్టాక అరవై కాస్తా ఎనభై అయింది. షాపు గోడ మీద పాత ఫొటో ఉండేది. అందులో సన్నగా సరుగుడు కర్రలా ఉన్న కుర్రాడి కుడి చెయ్యి రెఫరీ పైకెత్తి పట్టుకున్నాడు. పంక్చర్ వేయించుకోడానికొచ్చిన వాళ్ళు "ఎవరండీ ఈ అబ్బాయి?" అనడిగేవారు. "మా వాడే" అనేవాడు హిదాయతుల్లా, ఎవరో దూరపు చుట్టాన్ని చెప్పినట్టు.

కట్టెల అడితి శోభనాద్రి గారి కాటా అంటే అతనికి ప్రత్యేకమైన కోపం. రోజూ పొద్దున్నే వెళ్ళి దాన్ని ఎక్కేవాడు. నేను చూస్తుండగానే ఓ రోజు జరిగిన సంభాషణ ఇది.

"ఎంతండీ?"

"ఎనభై ఒకటి. తుమ్మ కింద రాయనా, సరుగుడు కింద రాయనా సాయిబు గారూ?"

"కాటా తప్పండీ."

"నిన్ననే కదయ్యా ఇనస్పెక్టరొచ్చి ముద్రేసి వెళ్ళాడు!"

"అయితే ఆ ముద్ర బరువు తీసెయ్యండి."

వాచీ తీసేవాడు, బెల్టు తీసేవాడు, చెవి మీద పెన్సిలు తీసేవాడు. చివరికి కట్టుడు పన్నొకటి ఊడదీసి "కాస్త పట్టుకో రావమ్మక్కా" అని నా చేతిలో పెట్టాడు. అయినా ముల్లు కదల్లేదు. "చూశావా, పన్ను తీసినా కదల్లేదంటే కాటాలో తప్పున్నట్టే కదా" అన్నాడు.

తగ్గడానికి పాట్లు పడలేదని కాదు. రోహిణి ఎండల్లో రబ్బరు రెయిన్‌కోటు వేసుకుని చిలకలపూడి దాకా పరుగెత్తేవాడు. ఎదురొచ్చిన రైతులు బళ్ళాపి ఆకాశంకేసి చూసేవాళ్ళు. అక్కడి నుంచి వస్తూ వస్తూ హల్వా కొట్టు ముందు ఆగేవాడు. "నమిలితే బరువు రాదక్కా, మింగితేనే వస్తుంది" అనేవాడు. మింగకుండా నమలడం అతని వల్ల అయ్యే పని కాదని కొట్టువాడికీ తెలుసు.

"రంజాన్‌లో లోకమంతా చిక్కిపోతుంది ఆపా, ఈయన మాత్రం రెండు కిలోలు పెరుగుతాడు" అనేది అతని భార్య ఖైరున్ బీ. "పగలంతా ఉపవాసం ఉన్నానన్న సంతోషం పట్టలేక సాయంత్రం తినేస్తాడు."

ఏడాదికోసారి "మళ్ళీ దిగుతున్నా" అనేవాడు. గుడివాడ ఎగ్జిబిషన్లో బాక్సింగ్ పోటీలు పెట్టినప్పుడల్లా పేరిచ్చేవాడు. రెండు మాట్లు ఓడాడు. మూడోసారి ఒక పోలీసు జవాను ఒక్క గుద్దుకే పడుకోబెట్టాడు. నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి "ఎంత చూపించింది?" అనడిగాడట.

"ఇంకెందుకయ్యా ఈ గుద్దులాట? నలభై ఆరొచ్చాయి" అని నేనొకసారి మందలించాను.

హిదాయతుల్లా చేతిలో ఉన్న సైకిలు చక్రాన్ని ఓసారి గిర్రున తిప్పాడు. "రెఫరీ చెయ్యెత్తినప్పుడు ఎలా ఉంటుందో తెలుసా అక్కా? ఆ చెయ్యి మనది కాదనిపిస్తుంది. అది మనకన్నా గొప్పవాడిది, మనకి కాసేపు తగిలించారనిపిస్తుంది. ఒక్కసారి, ఇంకొక్కసారి చాలు."

అన్నం క్యారియరు తెచ్చి షాపు లోపల కూర్చున్న ఖైరున్ బీ అంది, "నిద్రలో కూడా కుడి చెయ్యి పైకెత్తుతాడు ఆపా. నేనే మళ్ళీ దించి దుప్పటి కప్పుతాను."

ఇద్దరం నవ్వాం. హిదాయతుల్లా నవ్వలేదు, ఫొటోకేసి చూస్తున్నాడు.

డెబ్బై ఏడు కార్తీకంలో ఉప్పెనొచ్చింది. మా ఊరికి తగిలిన దెబ్బ తక్కువేం కాదు గానీ దివిసీమ ముందు మాది దెబ్బే కాదు. ఊళ్ళోవాళ్ళు బియ్యం, బట్టలు లారీకెత్తి పంపితే హిదాయతుల్లా దాంతో వెళ్ళాడు. నాలుగు రోజులకి తిరిగొచ్చిన మనిషి వేరే మనిషి.

కాటా ఎక్కడం మానాడేమో అనుకోకండి. ఎక్కాడు, మరీ ఎక్కువగా ఎక్కాడు. కానీ "కాటా తప్పు" అనడం మానేశాడు. ఎంత చూపిస్తే అంత, తల వంచుకుని ఒప్పుకునేవాడు. శోభనాద్రి గారికి బెంగ పట్టుకుంది. "సాయిబు గారికి ఒంట్లో బాగాలేదేమోనమ్మా, నా కాటాని తిట్టి పదిరోజులైంది" అన్నారు.

ఇంకో వింత. ప్రతి శుక్రవారం నమాజు కాగానే స్టేషనుకెళ్ళేవాడు. అక్కడ పది పైసల బిళ్ళ వేస్తే బరువు అచ్చేసిన అట్టముక్క రాల్చే మిషనుంది కదా, దాన్నెక్కి, ఆ అట్టముక్క కవర్లో పెట్టి పోస్టు చేసేవాడు. వారం వారం ఒక మగాడు కవరు పోస్టు చేస్తుంటే వీధిలో ఉన్న ఆడది ఊరికే ఎలా ఉంటుంది? పోస్టుమాన్ ఏడుకొండల్ని పట్టుకున్నాను.

"నాగాయలంక దగ్గర పల్లెకండీ" అన్నాడు. "అక్కణ్ణించీ వారానికొకటి వస్తోంది. మీరడిగారని చెప్పకండేం."

ఓ బుధవారం వాళ్ళింటికి తాళం వేసుంది. ఏడుకొండలు కవరు నా చేతికిచ్చాడు. సాయంత్రం నేనది హిదాయతుల్లాకి అందించాను.

"అక్కా, ఈ కవరు ఊడింది."

"ఇడ్లీపాత్ర పక్కన పెట్టానయ్యా, ఆవిరి తగిలి నోరు తెరిచింది."

"మీ ఇంట్లో ఇడ్లీలు ఆదివారం కదా?"

"నీ కవరు బుధవారం వచ్చింది, నన్నేం చెయ్యమంటావ్?"

లోపలున్నది ప్రేమలేఖ కాదు. చేపల కాటా దగ్గరిచ్చే చీటీ. 'రొయ్యలు' అని అచ్చేసిన చోట కొట్టేసి 'దేవసహాయం' అని రాసుంది. బరువు యాభై మూడు. వెనకాల పెన్సిల్‌తో రెండు ముక్కలు: 'నేను కిలో ఎక్కాను. నువ్వు పోయిన వారం అరకిలోయే దిగావు. నీ చీటీ వచ్చేదాకా నేను అన్నం ముట్టను.' ఒకటి నుంచి నాలుగో క్లాసు దాకా చదివిన చదువు నాకు ఇలాంటి వాటికి బాగా పనికొస్తుంది.

"ఎవరయ్యా ఈ రొయ్యలాయన?" అన్నాను.

హిదాయతుల్లా అరుగు మీద కూలబడ్డాడు.

దేవసహాయం మిలటరీలో అతని స్నేహితుడట. షాపులో ఫొటో వీళ్ళిద్దరూ ఆడిన ఫైనల్ రోజుదేనట. ఒక్క పాయింటు తేడాతో హిదాయతుల్లా చెయ్యెత్తారు. ఉప్పెనలో దేవసహాయం భార్య పోయింది, ఇల్లు పోయింది. లారీలో వెళ్ళిన హిదాయతుల్లాకి టార్పాలిన్ కింద కూర్చుని కనపడ్డాడు. చెల్లెలు ముద్ద కలిపి పెడితే నోరు తెరవడం లేదు. ఎవరితోనూ మాట లేదు.

"నాకు ఓదార్చడం రాదక్కా. ఏం చెప్పాలో తెలీక, ఆ రోజు నిజానికి గెలిచింది నువ్వేరా, రెఫరీ పొరపాటున నా చెయ్యెత్తాడు అన్నాను. తలెత్తి చూశాడు. 'పదిహేడేళ్ళకా చెప్పేది, దొంగసచ్చినోడా' అన్నాడు. ఉప్పెనయ్యాక అదే మొదటి మాటట. వాళ్ళ చెల్లెలు ఏడ్చేసింది."

"తరవాత?"

"మళ్ళీ ఆడి తేల్చుకుందాం రా అన్నాను. 'నువ్వు ఎనభై, నేను నలభై ఎనిమిది. ఏ కాటా ఒప్పుకుంటుంది?' అన్నాడు. మధ్యలో కలుద్దాం అన్నాను. అరవై నాలుగు. నేను ఎంత దిగితే వాడు అంత ఎక్కాలి. నేను ఆగిపోతే వాడూ ఆగిపోతాడక్కా."

నేనీ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఆరిళ్ళకి తప్ప. మర్నాటి నుంచి హల్వా కొట్టువాడు హిదాయతుల్లా కనపడగానే పళ్ళెం మీద గుడ్డ కప్పేవాడు. "సాయిబు గారూ, ఇటు రాకండి, మీకో దణ్ణం" అనేవాడు. పెళ్ళిళ్ళలో అతని విస్తట్లో వడ్డించేవాళ్ళు రెండు గరిటెల దగ్గర ఆగి, మూడో గరిటె వెయ్యనా అన్నట్టు నాకేసి చూసేవాళ్ళు. శోభనాద్రి గారు ముల్లు ఒక గీత కిందికి దిగితే అడితంతా వినపడేలా అరిచేవారు. డెబ్బై నాలుగు. డెబ్బై. ఒక వారం మా చిన్నాడి పెళ్ళి బూందీ పుణ్యమా అని అరకిలో పెరిగాడు. అటు దేవసహాయం రెండ్రోజులు పస్తున్నాడని కబురొచ్చింది. హిదాయతుల్లా ఆ వారమంతా మంచినీళ్ళు కూడా కొలుచుకుని తాగాడు. మా బూందీ వల్లే కదా అని నాకూ అన్నం సయించలేదు.

మరుసటి ఏడు గుడివాడ పోటీలకి ఇద్దరూ పేర్లిచ్చారు. ఖైరున్ బీ, నేనూ పాసింజరెక్కి వెళ్ళాం. పోటీలు నడిపే డ్రిల్లు మాస్టారు సాంబశివరావు గారు పొద్దున్నే కాటా దగ్గర కూర్చున్నారు. హిదాయతుల్లా ఎక్కాడు. అరవై నాలుగుంబావు. చొక్కా తీశాడు, బనీను తీశాడు, పన్ను మామూలుగా నా చేతికొచ్చింది. ఖైరున్ బీ దుప్పటి అడ్డం పట్టింది. దాని వెనకాల ఏం తీశాడో నేనడగలేదు. సరిగ్గా అరవై నాలుగు.

అప్పుడొచ్చాడు దేవసహాయం. ఎముకల గూడుని చూస్తాననుకుంటే బుగ్గలతో, చిన్న బొజ్జతో దిగాడు. ఎక్కాడు. అరవై ఐదున్నర.

"ఒకటిన్నర కిలో ఎక్కువ. ఆడనివ్వను" అన్నారు మాస్టారు.

"నేనేం చెయ్యనండీ, చెల్లెలు రోజూ పీతల పులుసు పెట్టింది" అని దేవసహాయం సిగ్గుపడ్డాడు.

ఎదుటివాడి బరువు ఎక్కువైందని ఆనందంతో గెంతిన బాక్సర్ని ఆ రోజే చూశాను. దుప్పటి జారిపోతున్నా పట్టించుకోకుండా హిదాయతుల్లా అరుస్తున్నాడు. "కాటా తప్పండీ మాస్టారూ! వాడి మీద ఒట్టు, కాటా తప్పు!"

సాంబశివరావు గారు ఇద్దర్నీ ఎగాదిగా చూశారు. "మీ వయసులు కలిపితే తొంభై దాటాయి. ఒకటిన్నర కిలోకి నేనెందుకు పట్టుబట్టాలి? పదండి."

మొదటి రౌండు ఒకళ్ళనొకళ్ళు పలకరించుకున్నట్టుంది. రెండోది పాత కోపాలు గుర్తొచ్చినట్టుంది. మూడో రౌండ్లో హిదాయతుల్లా కాళ్ళు కదిలాయి చూడండీ, ఫొటోలో కుర్రాడు గోడ దిగొచ్చినట్టే! దేవసహాయం చేతులు కిందికి జారాయి. గడ్డం బట్టబయలుగా ఉంది. హిదాయతుల్లా కుడి చెయ్యి వెనక్కెళ్ళింది. జనం లేచి నిలబడ్డారు. ఖైరున్ బీ నా మోచెయ్యి పట్టుకుని నలిపేస్తోంది.

ఆ చెయ్యి అక్కడే ఆగింది. ఒక్క క్షణం. తరవాత మెల్లగా కిందికి దిగింది. దేవసహాయం తేరుకుని ఒకటిచ్చాడు. హిదాయతుల్లా పడ్డాడు. పది లెక్కపెట్టేదాకా కళ్ళు తెరుచుకునే పడుకున్నాడు. మాస్టారు దేవసహాయం చెయ్యి పైకెత్తితే, కింద నించి ఆ చేతికేసే చూస్తున్నాడు, రెప్ప వెయ్యకుండా.

స్టేషన్ దగ్గర మెస్సులో చేతులు కడుక్కునే చోట అతన్ని నిలదీశాను.

"కావాలనే పడ్డావు."

"మెల్లగా అక్కా! నేను గెలిస్తే ఇక్కడితో అయిపోతుంది. రేపట్నించి వాడెందుకు తినాలి? ఇప్పుడు చెరొకటి అయింది. మూడోది ఉండాలి కదా." కమిలిన కన్ను తుడుచుకున్నాడు. "వాడితో చెప్పకు."

అతను వెళ్ళాక దేవసహాయం వచ్చాడు చేతులు కడుక్కోడానికి. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, వాడు కావాలనే పడ్డాడండీ. నా గుద్దు నాకు తెలీదా? మీరు మాత్రం వాడితో అనకండి. నేను గెలిచాననుకుంటున్నానని అనుకోనివ్వండి. నేను తింటున్నానా లేదా అని చూసుకునే పని లేకపోతే, పాపం వాడికేం తోస్తుంది?"

కడుపులో రెండు రహస్యాలు పెట్టుకుని వచ్చి కూర్చున్నాను. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. దేవసహాయం రెండోసారి అన్నం పెట్టించుకుని చేపల పులుసు కలుపుతున్నాడు. హిదాయతుల్లా విస్తరి వద్దని మజ్జిగ గ్లాసొకటే పట్టుకుని ఆ ముద్దలకేసి, ఆ ముక్కలకేసి గుటకలు మింగుతూ చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేకపోయాడు.

"ఒరేయ్ దేవసహాయం, వచ్చే ఏడుకి డెబ్బైలో పెట్టుకుందామా?"

దేవసహాయం ముద్ద ఆపి ఆలోచించాడు.

"డెబ్బై ఐదైతే వస్తా."

"బాబూ," అని వడ్డించేవాణ్ణి కేకేశాడు హిదాయతుల్లా, "నాకూ ఒక విస్తరి వెయ్యి."