ముందటికొచ్చి చెప్పు

పొద్దున్నే దవాఖానలో నా గది తెరిచి, మొదటి మనిషి లోపలికి రాకముందే వినికిడి పరీక్ష చేసే యంత్రాన్ని నా చెవులకే పెట్టుకుని సరిచూసుకుంటాను. ముందు మోటు శబ్దాలు వస్తాయి, దూరంగా పోతున్న లారీ మోతలాగా. తర్వాత మెల్లమెల్లగా సన్నబడి, చివరికి కీచురాయి కూత లాంటిది ఒకటి వస్తుంది. అది వినగానే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు సత్తెమ్మ పెద్దమ్మ గొంతు గుర్తొస్తుంది. ఆ వెంటనే, ఆ గొంతు చేరని మనిషి, ఆమె భర్త, గుర్తొస్తాడు. మల్లేశం పెద్దబాపు నాకు చుట్టమేమీ కాదు. పటాన్‌చెరులో మేము కిరాయికున్న ఇంటి ఆసామి. కానీ ఈ రోజు నేను నలుగురిలో నోరు తెరిచి మాట్లాడుతున్నానంటే అది ఆయన పుణ్యమే.

ఎనభయ్యో దశకం చివరి మాట. మా అన్నకు మందుల ఫ్యాక్టరీలో పని దొరికింది. నేను సంగారెడ్డిలో డిగ్రీ చదువుతూ అన్నతో పాటు ఆ ఇంటి ముందు గదిలో ఉండేదాన్ని. పెద్దబాపు వాళ్ళది కొండాపూర్ వైపు వ్యవసాయ కుటుంబం. భూమి అన్నదమ్ముల మధ్య ముక్కలైపోతే ఆయన వయసులో ఉండగానే ఫ్యాక్టరీకి వచ్చేశాడు. ఇనుప రేకుల మీద దబీదబీమని అచ్చుగుద్దే ప్రెస్సుల దగ్గర పని. ఆ షెడ్డులో మనిషికి మనిషి చెప్పుకునేదంతా చేతులతోనూ, పెదవులతోనూ. ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని చెవుల్లోంచి నూనె దూది తీసి పారేసేవాడు. ఆ దూదే చెవులను కాపాడుతుందని అక్కడ అందరి నమ్మకం. కంపెనీవాళ్ళు చెవులకు బిరడాలిచ్చారు కదా, పెట్టుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"అవి వెట్టుకుంటే మిషను మాట ఇనరాదు బిడ్డా. దాని సప్పుడు మారింది ఎరుక గాలేదనుకో, ఏళ్ళు వోతయి" అన్నాడు.

వేళ్ళు కాపాడుకున్నాడు. పది వేళ్ళతోనే రిటైరయ్యాడు. చెవులు కూడా అరిగిపోతాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నాది మోటు గొంతు. చిన్నప్పటి నుంచి ఇంట్లో మగరాయుడని ఎగతాళి. ఆడపిల్ల మాట గడప దాటకూడదని మా అమ్మ మొత్తుకునేది. అందుకే నేను ఎక్కడైనా నోరు మూసుకునే కూర్చునేదాన్ని. ఆ ఇంట్లో దిగిన మొదటి రోజు, నల్లా ఎప్పుడొస్తుందని అరుగు కింద నిలబడి అడిగితే పెద్దబాపు మొహం వెలిగిపోయింది. "నీ మాట సాఫ్ గ ఉన్నది బిడ్డా. గట్లనే మాట్లాడు. గీ ఇంట్ల అందరిది గొణుగుడే" అన్నాడు. నా గొంతును మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. అప్పటి నుంచి సాయంత్రం పేపరు చదివి వినిపించడం నా పనైంది. పక్కన కూర్చుంటే ఒప్పుకునేవాడు కాదు. "ముందటికొచ్చి చదువు" అనేవాడు. ఎదురుగా కూర్చుని గొంతెత్తి చదివీ చదివీ నా బెరుకు పోయింది. కాలేజీలో లేచి ప్రశ్నలడగడం కూడా ఆ ఏడాదే మొదలుపెట్టాను.

సత్తెమ్మ పెద్దమ్మది నాకు పూర్తిగా వ్యతిరేకం. దారమంత సన్నటి గొంతు. ఆ కాలపు ఇల్లాలు కాబట్టి మొగుడి పేరు నోట రాదు, ఎదురుగా నిలబడి మాట్లాడటం అలవాటు లేదు. వంటింటి తలుపు వెనకాల నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇగో... ఇంటున్నవా?" అని పిలిచేది. వెనకాల పంపు స్టవ్వు బుస్సుమని మండుతూ ఉండేది. ఆయన పలికేవాడు కాదు. మళ్ళీ పిలిచేది. ఎప్పుడో తలతిప్పి ఆమెను చూసినప్పుడు మాత్రం, "ఏందే? ముందటికొచ్చి చెప్పు" అని ఇల్లంతా అదిరేలా అనేవాడు. ఆమెకది హుకుంలా తగిలేది. అరుగు మీద దోస్తులుంటే మరీనూ. ఇంకో అడుగు లోపలికి జరిగిపోయేది.

"నీకైతే ఒక్క పిలుపుకే పలుకుతడు. హోటల్ల దోస్తులకు పలుకుతడు. నేను పిలిస్తేనే పలుకడు. గోడకు జెప్పుకున్నా గింత నయం" అని ఒకరోజు నా దగ్గర కళ్ళు తుడుచుకుంది. పక్కింటామె ఒకతె నవ్వుతూ, "మీ ఆయనకు చెవుడేమోనే" అంది. పెద్దమ్మ నవ్వలేదు. "నిజంగ చెవుడైతే నాకీ బాధ లేకపోవు. సైరన్ ఇనవడ్తది, లారీ ఇనవడ్తది. నేనే ఇనవడ" అంది. నిజమే మరి, చెవుడంటే ఏమీ వినపడకపోవడమనే కదా మేమంతా అనుకున్నది. నేను కూడా, సొంత కూతురిలా చూసుకుంటున్నాడు కాబట్టే నాకు వెంటనే పలుకుతున్నాడనుకుని లోలోపల మురిసిపోయాను.

ఒక సాయంత్రం పేపరు మడుస్తుంటే పెద్దబాపే అన్నాడు: "మీ పెద్దమ్మ నాతోని మాట్లాడుడు బంద్ వెట్టింది బిడ్డా. ఏండ్లయితుంది. ఏం తప్పు జేసిన్నో చెప్పదు." నాకు నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి ఆమె పిలుస్తూనే ఉంది కదా, ఈయన బుకాయిస్తున్నాడనుకున్నాను. ఆలుమగల సంగతి మనకెందుకని లేచిపోయాను. ఆ ఒక్క మాట పట్టుకుని లోపలికి వెళ్ళి పెద్దమ్మతో చెప్పినా వాళ్ళ బతుకు ఇంకోలా ఉండేదేమో.

చదువు అయిపోయాక నేను హైదరాబాదు వెళ్ళిపోయాను. ఆయన కోసమే ఈ పని నేర్చుకున్నానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గానీ, అబద్ధం. సర్కారు కొలువు రాలేదు, ఒక చెవి డాక్టరు దగ్గర చేరాను, ఆయనే ఈ వినికిడి పరీక్షల కోర్సులో చేర్పించాడు. నేను చేరిన కొన్నాళ్ళకే పెద్దమ్మకు కామెర్లు ముదిరాయని తెలిసి చూడటానికి పోయాను. పెద్దబాపు మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఏదో అంటూ ఉంది. ఆయన ఆమె వీపు వైపు చూస్తూ కదలకుండా కూర్చున్నాడు. "ఇప్పుడు గూడ పలుకుతలేడు సూడు బిడ్డా" అంది నాతో. ఆ వారంలోనే పోయింది.

ఆ మరుసటి ఏడే క్లాసులో మా సారు చెప్పాడు. ఏళ్ళ తరబడి పెద్ద మోతలో పనిచేసేవాళ్ళకు ముందు పోయేవి సన్నటి శబ్దాలేనని. మోటు గొంతులు బాగానే వినిపిస్తాయి, ఆడవాళ్ళ, పిల్లల గొంతులు జారిపోతాయి. మాట వినపడినట్టే ఉంటుంది, ఏమన్నారో తెలియదు. పెదవులు కనిపిస్తే సగం అర్థమవుతుంది. అందుకే వాళ్ళను చూసి చెవుడనుకోరు, పొగరనుకుంటారు అన్నాడు. ఆ సాయంత్రమే పటాన్‌చెరు బస్సెక్కాను.

పెద్దబాపును తీసుకొచ్చి పరీక్ష చేశాను. సప్పుడు వినిపిస్తే వేలెత్తమన్నాను. మోటు శబ్దాలకు వేలు టక్కున లేచింది. శబ్దం సన్నబడే కొద్దీ ఆలస్యమైంది. ఆ తర్వాత చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది. పరీక్ష గది అద్దం అవతలి నుంచి నా మొహంలోకి చూసి, "మొదలువెట్టలేదా బిడ్డా?" అన్నాడు.

ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే... ఆమె పిలుస్తనే ఉండెనా?"

"పిలిచేది పెద్దబాపూ. రోజూ పిలిచేది."

"నువ్వు ఇన్నవా?"

"ఇన్న."

ఆయన రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని కూర్చున్నాడు. పోయిన వినికిడి తిరిగి రాదని, చెవికి పెట్టుకునే యంత్రం మిగిలినదానికి కాస్త సాయం చేస్తుందంతేనని చెప్పాను.

ఆ యంత్రం వచ్చాక వాళ్ళింట్లోనే ఆయన చెవికి పెట్టాను. పాత అలవాటు కొద్దీ పేపరు తెరిచాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. "పేపర్ గిట్ల సప్పుడు జేస్తదా?" అని దాన్ని చేతిలోకి తీసుకుని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. తర్వాత వంటింటి తలుపు వైపు చూశాడు.

"ఆమె ఎట్ల పిలుస్తుండె? ఒక్కసారి పిలువు బిడ్డా."

నేను లేచి ఆ తలుపు వెనక్కి వెళ్ళాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు ఎంత సన్నం చేయగలనో అంతా చేసి, "ఇగో... ఇంటున్నవా?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అది నీ గొంతు బిడ్డా. నీది నాకు ఎప్పుడూ ఇనవడేదే."

ఆయన పోయి కూడా చాలా ఏళ్ళైంది. నా దగ్గరికి ఇప్పటికీ ఫ్యాక్టరీ పనివాళ్ళు వస్తారు, ఎక్కువగా భార్యలే పట్టుకొస్తారు, ఈయన నా మాట లెక్కచేయడు మేడం అని. వెనక నుంచి పిలవొద్దమ్మా, స్టవ్వు ఆర్పి, కొంగు తీసి, వెలుతురులో ముందటికొచ్చి చెప్పు అంటాను. అరవొద్దు, నిదానంగా చెప్పు అంటాను. కొందరు సిగ్గుపడి నవ్వుతారు. కొందరు నా ముందే ప్రయత్నిస్తారు, మొగుడు టక్కున పలికితే ఏడుస్తారు.

పొద్దున యంత్రం సరిచూసుకునేటప్పుడు వేలెత్తాల్సిన పని నాకు లేదు, గదిలో చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. అయినా ఆ చివరి సన్నటి కూత వినగానే వేలెత్తుతాను. పెద్దమ్మ పిలుపుకు ఒక్కరైనా పలకాలి కదా.