నైట్ డ్యూటీ ఇంటి గుమ్మంలో కథ

నా చిన్నప్పుడు మా లైనులో ఎవరి నాన్న ఏ షిఫ్టులో ఉన్నాడో పిల్లలందరికీ తెలిసి ఉండేది. మావి పోర్టు క్వార్టర్లు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. రాత్రంతా పనిచేసి వచ్చినవాళ్ళు పగలు పడుకుంటారు కనుక ఆ ఇంటి ముందు కర్రాబిళ్ళ ఆడకూడదు, సైకిలు బెల్లు కొట్టకూడదు. ఓడ కూతకు లేవని మనుషులు పిల్లల కేకకు లేచిపోయేవారు. డెబ్బైల్లో విశాఖపట్నంలో మాలాంటి పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే అబ్బిన మర్యాద ఇది.

మా పక్కింటి అక్కవాళ్ళది గోదావరి వైపు. వాళ్ళ నాన్నగారు పోర్టులో గుమాస్తా. అక్క డిగ్రీ ముగించి టీచరు ట్రైనింగుకు ఎదురుచూస్తూ, ఆదివారం టిఫిన్లయ్యాక ఇంకా బడికి వెళ్ళని పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి కథలు చెప్పేది. నోటికొచ్చిన కథ చెప్పి పంపేయడం కాదు. ఒక్కో ఆదివారానికి ఒక్కో విషయం ఉండేది. ఒకసారి వాన, ఒకసారి రైలు, ఒకసారి చేప. దానికి తగ్గ బొమ్మల పుస్తకం, తాను కట్టిన పాట, పిల్లలు చేత్తో పట్టుకు చూడడానికి ఏదో ఒక వస్తువు. రైలు వారం దువ్వాడ స్టేషను నుంచి వచ్చిన పాత టిక్కెట్టు ఒకటి పిల్లల చేతులు మారి మారి గుడ్డలా మెత్తబడిపోయింది. గురువారం నుంచే ఇవన్నీ ఆలోచించుకునేది. పిల్లలు కదలడం మొదలుపెట్టాక పాట వెతుక్కుంటే లాభం లేదని, కదలబోయే ముందే అందుకోవాలని అనేది.

పుస్తకం చదివే పని నాది. అప్పుడు నాది ఆరో తరగతి. బళ్ళో పద్యాల పోటీలో బహుమతి వచ్చింది. గొంతు పెద్దది, ఆ గొంతంటే నాకు చెప్పలేనంత ఇష్టం. పిల్లలు నన్నే చూస్తున్నారని తెలిస్తే చాలు, కథ ఎటు పోతోందో కూడా పట్టించుకునేవాణ్ణి కాదు.

అందరికన్నా ముందు వచ్చి కూర్చునేవాడు అక్కవాళ్ళ గోడకు అవతలి ఇంటి నాలుగేళ్ళ పిల్లాడు. వాళ్ళమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో చెవులు సరిగా వినపడని నాయనమ్మ, పోర్టులో క్రేను నడిపే నాన్న. నాన్నకు నైట్ డ్యూటీ పడితే వాడు పగలంతా ఇంట్లో నోరు మూసుకుని తిరగాలి. వాడు పాడేది, నవ్వేది ఆదివారం ఆ కాసేపే.

నైట్ డ్యూటీ ఉన్న ఇంటికి దూరంగా, లైను చివర ఎవరి వరండాలోనో కథ పెట్టడం అక్క పద్ధతి. ఒక ఆదివారం వాన పట్టుకుంది. తడవనిది అక్కవాళ్ళ వరండా ఒక్కటే. గోడకు అవతల ఆ పిల్లాడి నాన్న నిద్రపోతున్నాడు. ఆ వారం విషయం అడవి. "ఇవాళ పులి కూడా చెప్పులు విప్పి నడుస్తుంది, తెలిసిందా?" అంటూ అక్క నా చేతికి పుస్తకం ఇచ్చింది.

మెల్లగానే మొదలుపెట్టాను. ఈలోగా మా క్లాసు కుర్రాళ్ళిద్దరు తడుస్తూ వచ్చి చూరు కింద నిలబడ్డారు. నా చదువు విని ఒకడు, "ఏటిరా, మీ పులికి జొరమొచ్చిందేటి?" అన్నాడు. రెండోవాడు కిసుక్కున నవ్వాడు. తర్వాతి పేజీలో పులి గాండ్రించాలి. గాండ్రించాను. పిల్లలు కేరింతలు కొట్టారు. ఇంకోసారి, ఇంకా గట్టిగా గాండ్రించాను.

అవతలి తలుపు తెరుచుకుంది. ఆయన లుంగీతో వచ్చి నిలబడ్డాడు. "రేత్రల్లా క్రేను మీద కూకుని ఒచ్చినాను. పైనున్నోడికి కునుకొత్తే కిందున్నోడు పోతాడు, తెల్సా?" అన్నాడు. అరవలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని లేపాడు. "ఇంక ఈడు ఇటు రాడు" అని తీసుకుపోయాడు.

అక్క తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నీ పులి బాగానే వచ్చింది. ఆ పిల్లాడి ఆదివారమే పోయింది" అని చాప చుట్టేసింది.

మర్నాడు వెళ్ళి క్షమాపణ అడుగుతానన్నాను. "అడుగు, మంచిదే. కానీ ఆయనకి కావాల్సింది నిద్ర కదా" అంది. పై వారం కూడా ఆయనకు నైట్ డ్యూటీయే. ఆయన పనికి బయల్దేరే వేళకి అక్క నన్ను వెంటబెట్టుకుని ఎదురెళ్ళింది. నా క్షమాపణని ఆయన "సర్లేరా" అని సగంలోనే తుంచేశాడు. అక్క మాత్రం వదల్లేదు.

"బాబాయ్ గారండీ, వచ్చే ఆదివారం కథ నిద్ర గురించండి. మీ గుమ్మంలోనే చెప్తామండి, బాబుని కూర్చోనివ్వండి. మీకు మెలకువ వచ్చిందా, ఇంక ఈ లైనులో నేను కథలే పెట్టనండి."

ఆయన ఆమెను వింతగా చూశాడు. "నా గుమ్మం కాడేనేటి? సరే కానీ అమ్మా, సూద్దాం. నిద్దరోతా ఏటి సూత్తాను గానీ" అని వెళ్ళిపోయాడు.

నిద్ర మీద పుస్తకం ఎక్కడా దొరకలేదు. అక్కే కాగితాల మీద బొమ్మలు వేసి కథ రాసింది. ఊళ్ళో ఎవరెవరు ఎప్పుడు పడుకుంటారన్నదే కథ. కొండ మీది లైట్‌హౌసు దీపం తెల్లారాక పడుకుంటుంది. యారాడ పడవ మధ్యాహ్నం ఇసకలో పడుకుంటుంది. క్రేను నడిపే నాన్న ఊరంతా లేచాక పడుకుంటాడు. పాటలో చరణం చరణానికి మాటలు తగ్గుతూ పోయి చివరికి ఊపే చేతులే మిగలాలి. వస్తువంటే ఎవరి తలగడ వాళ్ళు తెచ్చుకోవడమే. ఈసారి తనే చదువుతుందనుకున్నాను. కాగితాలు నాకే ఇచ్చింది. ఆ వారమంతా పెరట్లో గోడవైపు తిరిగి గుసగుసగా చదవడం నేర్చుకున్నాను.

ఆదివారం ఆ గుమ్మంలో మొదటి పేజీ చదివేసరికి పిల్లలు వినపడక ముందుకు జరిగారు. రెండో పేజీకి నా మోకాళ్ళకు ఆనుకున్నారు. నన్నెవరూ చూడడం లేదు. అందరి కళ్ళూ బొమ్మల మీదే ఉన్నాయి. లోపలి నుంచి గురక వినిపిస్తోంది. ఒకమ్మాయికి నవ్వొచ్చి తలగడలో మొహం దాచుకుంది. క్రేను నాన్న పేజీ రాగానే ఆ పిల్లాడు తన వేలు తీసుకొచ్చి నా పెదాల మీద పెట్టాడు, నేనింకా గట్టిగా చదువుతున్నానన్నట్టు. పాట అయ్యేసరికి సగం మంది నిజంగానే నిద్రపోయారు. వాడూ పడుకున్నాడు.

నిద్ర తీరాక ఆయన బయటికొచ్చి, అడుగు తీసి అడుగు వేయడానికి చోటు లేక గడప మీదే ఆగిపోయాడు. "ఏటమ్మా, నా నిద్దర అందరికీ పంచీసినావా" అన్నాడు. కొడుకుని లేపకుండా వాడి పక్కనే కూర్చున్నాడు. జారిన తలగడ సర్దుతూ, "ఆదోరం ఆదోరం ఒచ్చి కూకోమను ఆడిని" అన్నాడు.

ఆ రోజుతో నేను మారిపోయానని చెప్పలేను. పెద్దయ్యాక స్టీల్ ప్లాంటులో చేరి నేనూ నైట్ డ్యూటీలు చేశాను. పగటి నిద్ర చెడితే నా పిల్లల మీద అరిచేవాణ్ణి. వాళ్ళు ఇంట్లో మునివేళ్ళ మీద నడిచేవారు. అక్కలాగా వాళ్ళనీ, నా నిద్రనీ ఒకచోట కూర్చోబెట్టే దారి నేను వెతకలేదు. అది నా తప్పే. మిగిలింది ఒక్క అలవాటు. ఇప్పటికీ చిన్నపిల్లలకు ఏదైనా చదివేటప్పుడు, ఎవరో ఒకరు వినపడక ముందుకు జరిగేదాకా గొంతు తగ్గిస్తూనే ఉంటాను.